పియానోపీఠము - మంత్రిపీఠము

వాద్యగానికి వాదములేల, పాటగానికి రాజ్యవ్యవహారములేల యని మన పఠనమందిరములలో బల్లచుట్టు కూర్చుండిన పెద్దలు తఱచుగా ననుచుందురు. ఒక గాయకుడో, నటుడో దేశవిషయమై నోరు విప్పినతోడనే తన పని తాను చూచుకొనరాదా యని గద్దించువారు ఒక పక్షము. నోరు విప్పకున్నచో ఈతనికి దేశము పట్టదా యని నిందించువారు రెండవ పక్షము. వీరిరువురును ఒక్క మనుష్యుని జీవితమును సావధానముగా విచారింపవలెనని మా కోరిక. అతడు పోలండు దేశీయుడు. పియానో వాద్యమున తన కాలమునందు జగత్ప్రసిద్ధి గాంచినవాడు. కొంచెము తక్కువగా పదునొకండు నెలలపాటు ఆ దేశమునకు ప్రధానమంత్రిగా నుండినవాడు. పేరు ఇగ్నాసీ యాన్ పదెరెవ్‌స్కీ. ఆతని చరిత్రము మొదటి పక్షమునకు కొంత బలమిచ్చును. రెండవ పక్షమునకును కొంత బలమిచ్చును. తుదకు ఏ పక్షమువారిని తృప్తిపఱచదు. అందుచేతనే మేమీ కథ నెత్తుకొంటిమి.

ముందుగా ఆ వాద్యమును గూర్చి ఒక మాట. మన చెవి గమకమునకు అలవడినది. వీణమీద తంత్రిని లాగి స్వరమును వంచగలవాడు మనకు విద్వాంసుడు. మెట్ల వాద్యమున గమకము పలుకదని 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును వెలివేసిన సంగతియు, ఆ వెలి చాలయేండ్లు సాగిన సంగతియు సంగీతప్రియులెఱుగుదురు. పియానోకును అదే లోపము కలదు. దానికి ఎనుబదియెనిమిది మెట్లు. మెట్టు నొక్కినపుడు లోపల ఉన్ని తొడిగిన సుత్తి యొకటి లేచి తంతిని కొట్టి వెంటనే వెనుకకు తగ్గును. కొట్టిన పిమ్మట ఆ స్వరము వాయించువాని చేయిదాటిపోయినదే. దానిని పెంచుటకు వీలులేదు, వంచుటకు వీలులేదు. అది క్షీణించుచుండగా వినుచు కూర్చుండవలసినదే. కావున ఆ వాద్యమున సామర్థ్యమంతయు కొట్టెడి క్షణమునందే యుండును. ఏ వ్రేలికి ఎంత బరువు, ఏ స్వరము ముందు, ఏది వెనుక, కాలిక్రింది పలకను ఎప్పుడు నొక్కవలెను, ఎప్పుడు వదలవలెను అను లెక్కలలో ఆ విద్వాంసుని యావజ్జీవితము గడచిపోవును. చేయిదాటిన దానిని మరల దిద్దుకొనరాదను ఈ నియమము తరువాతి కథలో మనకు మఱియొకమాఱు జ్ఞప్తికి వచ్చును.

పదెరెవ్‌స్కీ 1860 నవంబరులో పొడోలియా ప్రాంతమున నొక పల్లెలో జన్మించెను. నేడు ఆ ప్రాంతము ఉక్రెయినులో నున్నది. నాడు రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. పోలండు అను దేశము పటములో లేదు. 1772, 1793, 1795 సంవత్సరములలో మూడు విడతలుగా రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దానిని కోసి పంచుకొనినవి. శిశువు పుట్టిన కొన్ని నెలలకే తల్లి గతించినది. 1863లో పోలండు ప్రజలు రష్యాపై తిరుగబడిరి. ఆ సందర్భమున తండ్రి చెఱపాలయ్యెను. అదే సంవత్సరము సెప్టెంబరులో వార్సాలో నొక భవనము కిటికీనుండి రష్యాసైనికులు ఒక పియానోను వీథిలోనికి విసరివేసిరి. గవర్నరుపై బాంబు పడినదను కోపముతో ఆ యింటిని ధ్వంసముచేయుటకు వచ్చిరి. అచట షోపాన్ సోదరి కాపురముండెను. ఆ పియానో షోపాన్ యువకుడుగా వాయించినది. రాజ్యములేని జాతికి సంగీతమే రాజ్యమైనపుడు సైనికుడు వాద్యమునుగూడ శత్రువుగా నెంచునని ఈ యుదంతమువలన తెలియుచున్నది. గాయకునకు రాజకీయములేల యని యడుగువారికి ఆ వీథిలో పడిన కఱ్ఱముక్కలే మొదటి ప్రత్యుత్తరము. రాజకీయములు తామే మెట్లెక్కి వచ్చి వాద్యమును ఎత్తి పాఱవేసినవి కదా.

బాలుడు పండ్రెండవయేట వార్సా సంగీతవిద్యాలయమున చేరెను. నీవు పియానోకు తగవు, బాకా యూదుకొమ్మని చెప్పిన గురువులును కలరు. 1878లో పట్టము పుచ్చుకొని అచటనే ఉపాధ్యాయుడయ్యెను. 1880లో వివాహమాడెను, ఒక కుమారుని కని భార్య కొలదిదినములకే మరణించినది. ఆ బిడ్డ అంగవికలుడు. ఇరువదియేండ్లు బ్రతికి 1901లో గతించెను. ఇవి ఆతని జీవితచరిత్రములలో రెండు పంక్తులలో ముగియుచున్నవి. కాని, రాత్రి రెండువేలమంది కరతాళధ్వనులకు తల వంచి యింటికి వచ్చువానికి ఈ రెండు పంక్తులు ఎంత బరువో మా చదువరులు ఊహింపగలరు.

1884లో ఇరువదినాలుగేండ్ల ప్రాయమున వియన్నాకు పోయి లెషెటిట్‌స్కీ యను మహాగురువు నాశ్రయించెను. వయస్సు మించిపోయినదని గురువు పెదవి విఱిచెను. ఆ ప్రయాణమునకు ధనము కూర్చినది హెలెనా మొద్జెయెవ్‌స్కా యను పోలిషు నటీమణి. క్రాకోలో కచేరీ యేర్పాటుచేయించి ఆమె తానును రంగముపై కూర్పులు చదివెను. జనము ఆమె పేరు చూచి వచ్చిరి, ఈతని వాద్యము విని పోయిరి. వియన్నాలో ఈ యువకుడు పసిపిల్లలు చేయు వ్రేళ్ల సాధకమునుండి మరల ప్రారంభించెను. ఇదివఱకే ఉపాధ్యాయుడైనవాడు అక్షరాభ్యాసమునకు మరల కూర్చుండుట సామాన్యమైన వినయము కాదు. 1887లో వియన్నా, 1888లో పారిసు, 1890లో లండను, 1891 నవంబరులో న్యూయార్కు. అమెరికాలో ఆ మొదటి యాత్రలోనే నూఱింటికి పైగా కచేరీలు జరిగినవి. ఆ శ్రమలో కుడిచేతి వ్రేలొకటి దెబ్బతిన్నది. దెబ్బతిన్న వ్రేలితోనే యాత్ర ముగించెను. తరువాతి యాత్రలలో ఆతనికి ప్రత్యేకమైన రైలుబండి పెట్టె, అందులో పియానో, వంటవాడు. ఆతని యెఱ్ఱని జుట్టును చూచుటకై స్టేషనులలో జనము మూగెడివారు.

ఆతడంత గొప్పవాడా యని యడిగినచో మేము నిదానించి చెప్పవలసియున్నది. 1911 మొదలుగా పట్టిన గ్రామఫోను పలకలు నేటికిని వినబడుచున్నవి. ఎడమచేతి స్వరము ముందును, కుడిచేతి స్వరము వెనుకను పడుచుండును. తాళము సాగుచు ముడుచుకొనుచు నడచును. నేటి శిక్షితులకిది దోషముగా తోచును. ఆ కాలమునందే హాఫ్‌మన్, రఖ్మానినోవ్ మొదలగువారి వ్రేళ్లు ఈతని వ్రేళ్లకంటె నిశ్చితమైనవని రసికులనుకొనిరి. ఆ మాట సత్యమేయని మా తలంపు. అయినను, షోపాన్ కృతులు వాయించునపుడు ఆతని యెడమచేతి తొందరపాటులో నేదో యొక మాట యున్నది. అది వ్యాకరణమున కందదు. ఆతడు రచించిన చిన్న మినుయెట్ ఒకటి ఇంటింట పిల్లలు వాయించిరి. ఆతని గేయనాటకము మాన్రూ 1901లో డ్రెస్డెనునందు ప్రదర్శింపబడి మఱుసటియేడు న్యూయార్కు చేరినది. ఇప్పుడు దానిని తలంచువారు అరుదు.

ఇక ధనము. వాద్యమువలన వచ్చినది అపారము. ఆతడు దానము చేసినదియు అట్టిదే. 1410లో గ్రున్వాల్డు రణరంగమున పోలండు లిథువేనియా సేనలు ట్యూటానిక్ యోధులను ఓడించిన దినమునకు 1910లో ఐదునూఱేండ్లు నిండినవి. క్రాకో నగరమున దాని జ్ఞాపకచిహ్నమును తన సొంతధనముతో నిలిపి దేశమునకు సమర్పించెను. ఆవిష్కరణమునకు మూడు ఖండములుగా కోయబడిన జాతి మూడుదిక్కులనుండి తరలివచ్చినది. ఆ మహాసభలో నాతడు పియానో వాయింపలేదు, మాటలాడెను. తాను వక్తనని ఆతడు గ్రహించినది ఆనాడే కాబోలు. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు క్రాకోలో ప్రవేశించి ఆ విగ్రహమును కూల్చివేసిరి. 1976లో మరల నిలువబెట్టిరి. పియానోను విసరివేసినవారును, విగ్రహమును కూల్చినవారును వేఱువేఱు చక్రవర్తులకు సేవకులు. భయము మాత్ర మొక్కటే.

1914లో యుద్ధము వచ్చినది. పోలండు యువకులు మూడు సైన్యములలో చేరి ఒకరినొకరు చంపుకొనవలసివచ్చిన యుద్ధమది. పదెరెవ్‌స్కీ తన స్విట్జర్లాండు గృహమునువిడిచి, నవలాకారుడు సియెన్కియెవిచ్‌తో కలిసి వెవే నగరమున క్షామనివారణసంఘమును స్థాపించి, 1915లో అమెరికాకు పోయెను. అచట మూడునూఱులకు పైగా ఉపన్యాసములిచ్చెను. ముందు మాట, పిమ్మట వాద్యము. ఇది ఆతని పద్ధతి. పోలండు ఎక్కడ నున్నదో తెలియని ఊళ్లలో జనము షోపాన్ కొఱకు టిక్కెట్టు కొని వచ్చి పోలండు ఆకలిని గూర్చి విని పోవుచుండిరి. అధ్యక్షుడు విల్సన్‌కు ఆంతరంగికుడైన కర్నల్ హౌస్ ఈతనికి మిత్రుడయ్యెను. 1917 జనవరిలో హౌస్ కోరికపై పోలండు విషయమై ఒక విజ్ఞాపనపత్రమును వ్రాసియిచ్చెను. అదే నెల 22వ తేది విల్సన్ తన సెనేటుప్రసంగమున ఐక్యమును స్వతంత్రమునగు పోలండును పేర్కొనెను. 1918 జనవరిలో ప్రకటించిన పదునాలుగు సూత్రములలో పదుమూడవది పోలండు స్వాతంత్ర్యమును, ఆ దేశమునకు సముద్రతీరమును గూర్చినది. ఒక్క వాద్యగాని మాటవలననే దేశము పుట్టినదని మేమనము. మూడు సామ్రాజ్యములు ఒక్కసారి కూలినందున పుట్టినది. కాని, కూలిన మఱుక్షణమున ఈ శిథిలములక్రింద నొక జాతి యున్నదని ప్రపంచమునకు ముందుగా తెలిసియుండుట ఆతని పని.

ఆ మాటకు ఆధారమేమి? వక్తలనేకులు కలరు, పత్రములు వ్రాయువారును కలరు. విల్సన్ గృహద్వారము వారికెల్ల తెఱచుకొనలేదు. ఇరువదియైదేండ్లు ఊరూర పెట్టెలో పండుకొని, నొచ్చిన వ్రేలితో వాయించి, వాషింగ్టన్ స్మారకతోరణమునకును, అమెరికా సంగీతరచయితల బహుమానములకును తన సంపాదన ధారవోసినవానికి తెఱచుకొన్నది. ఆతని రాజకీయములకు మూలధనము ఆతని సాధకము. వాద్యమును నిర్లక్ష్యముచేసి మొదటినుండియు ఉపన్యాసములకు దిగియున్నచో ఆతని మాట వినుటకు పదిమందియు రాకుందురు. మన రెండవపక్షమువారు గమనింపవలసినది ఇదియే. కళాకారుని ప్రతిదినము నినాదముచేయుమని బలవంతపెట్టువారు ఆ నినాదమునకు విలువనిచ్చు కళనే ఆతనిచేత వదలింప జూచుచున్నారు.

1918 డిసెంబరు 26వ తేది ఆతడు పోజ్నాన్ నగరము ప్రవేశించెను. అప్పటికింకను అది జర్మనుల చేతిలో నున్నది. మఱునాడు ఆ నగరమున తిరుగుబాటు చెలరేగినది. జనవరి 1వ తేదికి వార్సా. అచట పిల్సూద్‌స్కీ, పారిసులో ద్మోవ్‌స్కీ, ఇరువురకును పొసగదు. ఒకరి చేతిలో సైన్యమున్నది, మఱియొకరికి మిత్రరాజ్యముల గుర్తింపున్నది. ఇరువురికిని సమ్మతుడు కాగలవాడు ఏ పక్షమునకును చెందని వాద్యగాడొక్కడే. 1919 జనవరి 16వ తేది పదెరెవ్‌స్కీ ప్రధానమంత్రియు విదేశాంగమంత్రియు నయ్యెను. పదిదినములలో ఎన్నికలు జరిగినవి. జూన్ 28వ తేది వెర్సెయిల్సు సంధిపై ద్మోవ్‌స్కీతో కలిసి సంతకము చేసెను. అదే సంవత్సరము, ఒక నెల ముందుగా, మన రవీంద్రుడు జలియనువాలాబాగు ఘోరమునకు నిరసనగా రాజదత్తబిరుదమును త్యజించియుండెను. ఒక కళాకారునకు ఆనాడు దేశసేవ వదలివేయుట, మఱియొకనికి తలకెత్తుకొనుట.

పారిసులో క్లెమాన్సో ఈతని చూచి, అంతటి వాద్యగాడు ప్రధానమంత్రియగుట ఎంత పతనమని పరిహసించినట్లొక చమత్కారకథ లోకమున వ్యాపించియున్నది. కథ రుచిగా నున్నది గాని మాకు నచ్చదు. మంత్రిపదవి పతనము కాదు, అది వేఱొక వాద్యము. దానిని గూడ చిన్ననాటినుండి సాధకము చేయవలెను. ఈతడు చేయలేదు. మూడు రాజ్యముల చట్టములు, వేఱువేఱు నాణెములు, ఒకదానితో నొకటి కలియని రైలుపట్టాలు గల దేశమును ఒక్కటిగా కుట్టవలసిన దినములవి. ప్రధానమంత్రి యనేకమాసములు పారిసులో నుండెను. కార్యాలయముల కాగితములు పేరుకొనిపోయినవి. భార్య రాజకార్యములలో జోక్యము చేసికొనుచున్నదని సమకాలికులు సణిగిరి. సభలో ఆతని ఉపన్యాసమునకు కరతాళములు మ్రోగినవి గాని ఓట్లు నిలువలేదు. కచేరీలో చప్పట్లు కొట్టినవాడు మఱునాడు మరల టిక్కెట్టు కొనును. సభలో చప్పట్లు కొట్టినవాడు మఱునాడు ఎదురుపక్షమున కూర్చుండును. ఈ భేదమును ఆతడు ఆలస్యముగా గ్రహించెను.

ఒక్క విషయమున మాత్రము ఆతని నిందించినవారితో మేము ఏకీభవింపము. వెర్సెయిల్సు సంధితోపాటు అదేదినమున అల్పసంఖ్యాకుల రక్షణమునకై వేఱొక ఒడంబడిక పోలండుచే చేయింపబడినది. యూదులు, జర్మనులు, ఉక్రెయినువారు మొదలగువారికి భాషయందును మతమునందును సమానహక్కులిత్తుమని దాని తాత్పర్యము. పెద్దరాజ్యములు తమపై అట్టి షరతు లేకయే తమకు మాత్రము విధించినవని పోలండువారు రగిలిరి. కోపమునకు కారణమున్నది. కాని, ఆ సంవత్సరము పీన్‌స్క్ మొదలగు చోట్ల యూదులు చంపబడిన సంగతియు ఉన్నదికదా. పదెరెవ్‌స్కీ ఆ ఒడంబడికను వాదించి, తగ్గింపజూచి, తుదకు సంతకము చేసెను. విచారణసంఘమును పంపుమని తానే అమెరికాను కోరెను. దానికి ఆతడు స్వదేశమున చెల్లించిన మూల్యము ఎక్కువ. నూటయిరువదిమూడేండ్లు పరుల యేలుబడిలో మ్రగ్గిన జాతి తనకు రాజ్యము వచ్చిన తొలి యేడే తనలోని అల్పసంఖ్యాకుల మాట వచ్చినపుడు ముఖము చిట్లించుట శోచనీయము. స్వాతంత్ర్యము పొందిన యేజాతికైనను ఈ పరీక్ష తప్పదు.

డిసెంబరులో ఆతడు రాజీనామా ఇచ్చెను. మఱియొకయేడు నానాజాతిసమితిలో స్వదేశప్రతినిధిగా నుండి 1921లో అదియు వదలుకొనెను. ధనము కరగిపోయినది. ఇంచుమించు ఐదేండ్లుగా కచేరీ లేదు. అఱువదేండ్లు దాటినవి. ఇతరులైనచో స్వీయచరిత్ర వ్రాసికొనుచు, కృతఘ్నులైన దేశీయులను తిట్టుచు కాలము పుచ్చుదురు. ఈతడు పియానో యెదుట కూర్చుండి వ్రేళ్ల సాధకమును మూడవమాఱు మొదటినుండి ప్రారంభించెను. 1922 నవంబరులో కార్నెగీ శాలలో తెర తొలగినపుడు జనము లేచి నిలువబడిరి. రాజకీయములలో ఓడినవాడు తన వృత్తికి మరలిపోయి దానిని మరల సాధింపగల్గుట మేము చాల తక్కువగా చూచితిమి. వెర్సెయిల్సు సంతకముకంటె ఈ పునఃప్రవేశమే ఘనమైనదని చెప్పుటకు మేము జంకము. సంతకమునకు కాలము తోడుపడినది. దీనికి ఎవరును తోడుపడలేదు.

1932లో న్యూయార్కు మాడిసన్ స్క్వేరు శాలయందు పనిలేని సంగీతగాండ్ర సహాయార్థము వేలకొలది జనుల యెదుట వాయించెను. 1934లో రెండవ భార్యయు గతించినది. 1936లో డెబ్బదియాఱేండ్ల వయస్సున ఒక చలనచిత్రమున తానుగానే నటించి వాయించెను. ఆ యేడే, స్వదేశమున పిల్సూద్‌స్కీ యనుచరుల నిరంకుశత్వము పెరుగగా, స్విట్జర్లాండులోని ఆతని గృహమున ప్రతిపక్షనాయకులు కూడిరి. 1939 మే 25వ తేది అదే మాడిసన్ స్క్వేరు శాల నిండిపోయినది. వృద్ధుడు వచ్చెను, కాని కచేరీ ప్రారంభమునకు ముందే కుప్పకూలెను. జనము నిశ్శబ్దముగా లేచిపోయిరి. ఆ కూలిన దినము మొదలుకొని నాలుగు మాసములైనను గడువకమున్నే, సెప్టెంబరు 1వ తేది, పోలండుపై జర్మనుసేనలు పడినవి.

మంచము దిగలేని స్థితిలో నుండవలసినవాడు 1940 జనవరిలో ప్రవాసజాతీయమండలికి అధ్యక్షుడుగా కూర్చుండెను. ఫ్రాన్సు పడిపోయిన పిదప స్పెయిను పోర్చుగల్లుల మీదుగా మరల అమెరికా. 1941 జూన్ 22వ తేది న్యూజెర్సీలో మండుటెండయందు పోలిషు పూర్వసైనికుల సభలో మాటలాడెను. జ్వరము తగిలి 29వ తేది న్యూయార్కులో మరణించెను. పోలండు స్వతంత్రమైన పిదప స్వదేశమునకు చేర్తుమని చెప్పి అమెరికావారు దేహమును ఆర్లింగ్టను వీరస్థలమున నుంచిరి. యుద్ధము ముగిసినను ఆ దినము రాలేదు. 1992లో దేహము వార్సా చేరి, సెయింట్ జాన్ ప్రధానదేవాలయమున సమాధి చేయబడినది. హృదయము మాత్రము పెన్సిల్వేనియాలో, డోయిల్స్‌టౌన్ అను చిన్న యూరిలో, పోలిషువలసవారి చర్చియందు నేటికిని అమెరికాలోనే యున్నది.